90 రోజుల పోటీలు ఇక చాలు

జనవరి వచ్చిందంటే అమెరికాలోని మన తెలుగు సంఘాల వాట్సాప్ బృందాల్లో బరువు తగ్గే పోటీల సందడి మొదలవుతుంది. కొద్దిపాటి ప్రవేశ రుసుము, మొదటి రోజు తూకం యంత్రం మీద నిలబడి తీసుకున్న ఫొటో, వారం వారం అంకెలు నింపే పట్టిక, 90 రోజుల తర్వాత అందరికన్నా ఎక్కువ తగ్గినవారికి ఉగాది వేదిక మీద బహుమతి. వీటిని నడిపేవారి మంచి మనసును నేను శంకించడం లేదు. తీరిక లేని బతుకుల్లో నలుగురినీ కదిలించాలన్న తపనతోనే వారు శ్రమపడుతున్నారు. అయినా ఈ పోటీలను మన సంఘాలు మానుకోవాలనీ, వాటి స్థానంలో లక్ష్యం చిన్నదైనా ఏడాది పొడవునా సాగే కార్యక్రమాన్ని చేపట్టాలనీ గట్టిగా కోరుతున్నాను.

పోటీలో గెలవాలంటే వేగంగా తగ్గాలి. వేగంగా తగ్గడానికి మనవాళ్లు పట్టే దారులు అందరికీ తెలిసినవే: అన్నం పూర్తిగా మానేయడం, పూటల తరబడి పస్తులుండటం, ఏదో పొడి నీళ్లలో కలుపుకుని తాగి భోజనం అయిందనిపించుకోవడం. మొదటి రెండు వారాల్లో ముల్లు బాగానే దిగుతుంది. పిండిపదార్థాలు ఆపేయగానే కాలేయంలోనూ కండరాల్లోనూ నిలవ ఉన్న గ్లైకోజెన్ అనే పిండిపదార్థం, దానితో పాటు ఉన్న నీరు ఖర్చయిపోవడం వల్ల కనిపించే తగ్గుదలే అందులో చాలా భాగం. ఆ తర్వాత కొవ్వు కరుగుతుంది, నిజమే. కానీ మాంసకృత్తులు చాలకుండా, కండరాలకు పని చెప్పకుండా తగ్గితే కండ కూడా తరిగిపోతుంది. పోటీ ముగిసి పాత భోజనానికి మళ్లినప్పుడు తిరిగి వచ్చేది ఎక్కువగా కొవ్వే. మొదలుపెట్టిన నాటి బరువుకే చేరుకున్నా, ఆ మనిషి అప్పటికన్నా కొంచెం బలహీనంగా మిగులుతాడు.

మన పోటీలకు మాతృక అయిన ‘ది బిగ్గెస్ట్ లూజర్’ అనే అమెరికన్ టీవీ కార్యక్రమంలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించి, పరిశోధకులు ఆ ఫలితాలను 2016లో ప్రచురించారు. చాలామందికి తగ్గిన బరువులో పెద్ద భాగం తిరిగి వచ్చేసింది. అంతకన్నా ఆలోచించవలసిన విషయం మరొకటి ఉంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు వారి శరీరాలు ఖర్చు చేసే శక్తి, ఆ వయసుకూ ఆ శరీరానికీ ఉండవలసినదానికన్నా రోజుకు సగటున 500 కేలరీల వరకు తక్కువగా ఉంది. వారు తగ్గినంత బరువు మన పోటీల్లో ఎవరూ తగ్గరు కాబట్టి ఆ అంకె మనకు యథాతథంగా వర్తించదు. కానీ బరువు తగ్గిన శరీరం ఆకలిని పెంచి, ఖర్చును తగ్గించి, పాత బరువు వైపే లాగుతుందన్న సంగతి మనకూ వర్తిస్తుంది. అందుకే బరువు తిరిగి పెరిగినవారిని పట్టుదల లేనివారని తేలిగ్గా మాట్లాడటం అన్యాయం.

మరి ఎంత తగ్గితే చాలు? దీనికి నాకు తెలిసిన అత్యంత విశ్వసనీయమైన సమాధానం అమెరికాలో జరిగిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ అనే అధ్యయనం. మధుమేహం అంచున ఉన్న 3,234 మందితో జరిగిన ఈ అధ్యయనం ఫలితాలు 2002లో వెలువడ్డాయి. జీవనశైలి మార్పుల బృందానికి పెట్టిన లక్ష్యాలు రెండే: శరీర బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవడం లేదా అంతటి వ్యాయామం చేయడం. మందు లేని ఉత్తుత్తి మాత్రలు ఇచ్చిన బృందంతో పోలిస్తే వీరిలో మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. చక్కెరను అదుపు చేసే మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడినవారిలో ఆ తగ్గుదల 31 శాతమే. పదేళ్ల తర్వాత చూసినప్పుడు జీవనశైలి బృందంలో చాలామందికి బరువు కొంత తిరిగి వచ్చినా, మధుమేహం రావడం మాత్రం 34 శాతం తక్కువగానే ఉంది.

7 శాతమంటే 80 కిలోల మనిషికి ఐదున్నర కిలోలు. 180 పౌండ్ల మనిషికి 12 నుంచి 13 పౌండ్లు. ఆరు నెలల వ్యవధి పెట్టుకుంటే నెలకు కిలో కూడా కాదు. మన పోటీల్లో ఈ మనిషి చివరి వరుసలో ఉంటాడు, చప్పట్లు కూడా దక్కవు. అదే నా అభ్యంతరం. శరీరానికి మేలు చేసేంత తగ్గినవారిని మన పట్టిక ఓడిపోయినవారిగా చూపిస్తోంది.

చెన్నైలో 531 మందితో జరిగి 2006లో ప్రచురితమైన భారతీయ అధ్యయనం మరో అడుగు ముందుకు వేసింది. అందులో పాల్గొన్నవారి సగటు బరువు చెప్పుకోదగ్గంతగా తగ్గనే లేదు. అయినా భోజనంలో మార్పులు, క్రమం తప్పని నడక వల్ల మధుమేహం రావడం 28.5 శాతం తగ్గింది. ముల్లు కదలలేదని నిరాశపడి నడక మానేయాలనుకునే ప్రతి ఒక్కరికీ ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది.

తూకం యంత్రాన్నే నమ్ముకోకూడదనడానికి మన శరీర తత్వం మరో కారణం. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యడ్కిన్ పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఫొటో 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చూపే బీఎంఐ అనే అంకె ఇద్దరికీ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. చూడటానికి సన్నగా ఉంటూనే పొట్ట చుట్టూ, కాలేయంలోనూ కొవ్వు చేర్చుకునే లక్షణం మనలో ఎక్కువ. అందుకే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015 నుంచి ఆసియా సంతతివారికి బీఎంఐ 23కు చేరితే చాలు, మధుమేహ పరీక్ష చేయాలని చెబుతోంది; మిగతావారికి ఆ హద్దు 25. అంటే 170 సెంటీమీటర్ల ఎత్తుండి 68 కిలోలున్న మన సోదరుడు మామూలు పట్టిక ప్రకారం ఆరోగ్యవంతుడే అయినా, అతనికి పరీక్ష అవసరం. నడుము కొలతకు కూడా భారతీయులకు వేరే హద్దులున్నాయి: మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80. పక్కటెముకల అడుగు భాగానికీ తుంటి ఎముకకూ నడుమ టేపు చుట్టి, ఊపిరి వదిలాక కొలవాలి. ప్యాంటు సైజు కొలత కాదు. చాలామంది మగవారు పొట్ట కిందికి దించి ప్యాంటు కట్టుకుంటారు కాబట్టి పొట్ట ఎంత పెరిగినా ఆ సైజు మారదు.

ఇక అసలైన చోటికి, అంటే వంటింటికి వద్దాం. రైస్ కుక్కర్‌తో పాటు వచ్చే చిన్న కప్పు 180 మిల్లీలీటర్లది. అందులో దాదాపు 150 గ్రాముల బియ్యం పడతాయి, అంటే 500 కేలరీలకు పైమాటే. ఆ కప్పుతో రాత్రికి ఎన్ని పోస్తున్నామో, తినేవారు ఎందరో లెక్క వేసుకుంటే చాలు, ఏ ఆప్ అక్కర్లేదు. మన భోజనం వరుసలోనే అన్నం పెరిగిపోయే ఏర్పాటు ఉంది. పప్పులోకి కాస్త, కూరలోకి కాస్త, చారులోకి మళ్లీ కాస్త, చివరికి పెరుగులోకి తప్పనిసరిగా ఇంకాస్త. ఏ వాయికీ ఎక్కువ తిన్నట్టనిపించదు, లేచేసరికి నాలుగు వాయిలు అయిపోతాయి. అన్నం మానేయమని నేను అనను. మానేసినవారు ఎన్నాళ్లు మానగలిగారో మనందరం చూశాం. మొదటే కంచంలో ఒక్కసారి పెట్టుకున్న అన్నాన్నే పప్పుకూ కూరకూ పెరుగుకూ పంచుకోవడం, ఆకుకూర పప్పు చిక్కగా వండుకుని అన్నం కన్నా ఎక్కువగా కలుపుకోవడం, చారు గ్లాసులో పోసుకుని తాగడం, పెరుగులోకి అన్నం బదులు కీరా ముక్కలో దానిమ్మ గింజలో వేసుకోవడం, ఇవి పదేళ్ల తర్వాత కూడా చేయగలిగిన పనులు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు ధాన్యాల నుంచి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతం మించకూడదని చెబుతున్నాయి. అంటే అన్నం తగ్గినచోట కందిపప్పు, పెసలు, ఉలవలు, బొబ్బర్లు, గుడ్లు, చేపలు రావాలి. జొన్నరొట్టె, కొర్రన్నం మంచివే కానీ అవీ ధాన్యాలే, వాటికీ కొలత ఉండాలి.

ఎంత తింటామో, ఎప్పుడు తింటామో కూడా అంతే ముఖ్యం. పిల్లలకు ఆరింటికే పెట్టేసి, పెద్దలు తొమ్మిదిన్నరకు కంచం ముందు కూర్చునే ఇళ్లు మనలో ఎన్నో ఉన్నాయి. ఆ వెంటనే ఇండియాలోని బృందంతో ఆఫీసు మీటింగు, అది ముగిసేసరికి మళ్లీ ఆకలి, చేతికందేంత దూరంలో జంతికల డబ్బా. ఈ కుటుంబానికి నేను చెప్పగలిగిన లక్ష్యం కిలోల్లో ఉండదు. పెద్దలు కూడా పిల్లలతో పాటే ఏడింటిలోపు తినడం, తిన్నాక పదిహేను నిమిషాలు నడవడం. చలికాలంలో ఇంట్లోనే, లేదా చెవిలో ఫోను పెట్టుకుని మీటింగు వింటూ. కొత్త అలవాటు స్థిరపడటానికి ఎంత కాలం పడుతుందో లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు కొలిచారు. సగటున 66 రోజులు పట్టినా, మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 రోజుల నుంచి 254 రోజుల వరకు మారింది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదని కూడా అదే అధ్యయనం తేల్చింది. శనివారం విందులో బిర్యానీ తిన్నాం కాబట్టి ఇక సోమవారం దాకా ఎలాగైనా ఫరవాలేదనుకునేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

బరువు తగ్గాలనుకునేది ఒకరు, వండేది మరొకరు అయిన ఇళ్లలో ఏ లక్ష్యమూ నిలవదు. భర్తకు ఓట్స్, పిల్లలకు పాస్తా, ఆరు నెలలకు వచ్చిన అత్తగారికి అన్నం, చారు. ఇన్ని వంటలూ ఉద్యోగం చేసి వచ్చిన ఒక్క ఇల్లాలి మీదే పడితే, ఆ ఏర్పాటు రెండు నెలలు కూడా సాగదు, సాగకపోవడమే న్యాయం. ఇంటిల్లిపాదికీ ఒకే వంట, కంచంలో పాళ్లు మాత్రం వేరు, వంటపనిలో మగవారి చేయి కూడా ఉండాలి. ఇక విందుల్లో “ఇంకొంచెం వేసుకోండి వదినగారూ, ఏమీ తినలేదు మీరు” అంటూ కొసరి కొసరి వడ్డించే మర్యాదను కాస్త తగ్గించుకుందాం. “ఏంటమ్మా, ఒళ్లు చేశావు” అని పదిమందిలో ఆడపిల్లలను అనడం పూర్తిగా మానేద్దాం. ఆ మాట విని ఎవరూ ఆరోగ్యవంతులు కాలేదు. తిండి దాచుకుని తినడం నేర్చుకున్నవారు మాత్రం ఉన్నారు.

బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్ల గురించి క్లుప్తంగా చెబుతాను. వాటిలో ఒకటైన సెమాగ్లుటైడ్ అనే మందు పరీక్షల్లో 68 వారాలకు సగటున 15 శాతం దాకా బరువు తగ్గింది. అవసరమైనవారికి అది నిజమైన వరం, వాడేవారిని చులకన చేయకూడదు. అయితే మందు ఆపిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. కాబట్టి అక్కడ కూడా దీర్ఘకాలపు ఆలోచన తప్పదు. మరొక హెచ్చరిక: ఇన్సులిన్ గానీ, చక్కెరను బాగా తగ్గించే మాత్రలు గానీ వాడుతున్నవారు డాక్టరును అడగకుండా అన్నం తగ్గించినా ఉపవాసాలున్నా ప్రమాదం.

సంఘాలు చేయగలిగింది చాలా ఉంది. పైన చెప్పిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ అధ్యయనం ఆధారంగా అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఏడాది పాటు సాగే శిక్షణ కార్యక్రమాన్ని రూపొందించింది. మొదటి ఆరు నెలల్లో కనీసం 16 తరగతులు, ఆ తర్వాత విడతలు తగ్గుతూ వస్తాయి. తరగతి నడిపేవారు డాక్టర్లే కానక్కర్లేదు, శిక్షణ పొందితే చాలు. సేవాసంస్థలు కూడా గుర్తింపుకు దరఖాస్తు చేసుకోవచ్చు. 2018 నుంచి అర్హులైన వృద్ధులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ దీని ఖర్చు భరిస్తోంది. తెలుగులో, మన పప్పు, మన కంచం, మన పండుగలు తెలిసినవారు ఈ తరగతులు నడిపితే ఎంత బాగుంటుందో ఆలోచించండి. మన సంఘాల్లో పోషకాహార నిపుణులున్నారు, నర్సులున్నారు, పదవీ విరమణ చేసిన వైద్యులున్నారు. కొత్త ఏడాది బడ్జెట్ వేసేటప్పుడు పోటీ బహుమతుల సొమ్మును ఇద్దరు వలంటీర్ల శిక్షణకు కేటాయించాలని కార్యవర్గాలను కోరుతున్నాను. ఉగాది భోజనాల పట్టికలో కూడా రెండు మార్పులు అడుగుతున్నాను: వేపుళ్లు ఒకటికి తగ్గించి, గుగ్గిళ్లూ కూరగాయల ముక్కలూ వరుసలో మొట్టమొదట పెట్టించండి, అన్నం ట్రేలను చివరికి జరపండి.