కార్డు కింది వైపు ఫొటో పెట్టకుండా అమ్మకండి

సర్వర్ల నుంచి తీసిన పాత విడిభాగాలు ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లందరికీ ఇది నా విన్నపం, నా కోపం కూడా.

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే చిన్న స్టూడియో మాది. ఒక్కో పెళ్లికి వందల జీబీ వస్తుంది. మదర్‌బోర్డు మీద హార్డ్‌డిస్కులు తగిలించే ఆరు సాటా పోర్టులూ మాఘమాసానికే నిండిపోయాయి. మరో ఎనిమిది హార్డ్‌డిస్కులు తగిలించుకుందామని పాత స్టోరేజీ కంట్రోలర్ కార్డు (అదనపు డిస్కులను కంప్యూటర్‌కు కలిపేది) ఒకటి ఆన్‌లైన్‌లో చూశాను. ‘పీసీఐ ఎక్స్‌ప్రెస్, 8 లేన్లు’ అని రాశారు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ అంటే మదర్‌బోర్డుకూ కార్డుకూ మధ్య డేటా నడిచే పద్ధతి, లేన్లంటే ఆ డేటా నడిచే దారులు. నా దగ్గర 16 లేన్ల స్లాటు ఖాళీగా ఉంది, ఎనిమిది లేన్ల కార్డు అందులో చక్కగా కూర్చుంటుంది. డబ్బు పంపేశాను.

పార్సిల్ విప్పి కార్డును తిరగేస్తే గుండె జారిపోయింది. స్లాటులో దిగేందుకు అంచున ఉండాల్సిన బంగారు రంగు పళ్ల వరుసే లేదు. కింది వైపున సన్నని పిన్నులు కిక్కిరిసిన నల్లటి కనెక్టర్ ఉంది. కేసుకు స్క్రూతో బిగించే ఇనుప పట్టీ కూడా లేదు. ఒక కంపెనీ తన సర్వర్లలో మదర్‌బోర్డు మీద పడుకోబెట్టి అదిమేందుకు చేసుకున్న కార్డు అది. మామూలు స్లాటులో పట్టే మార్గమే లేదు.

ఫోను చేస్తే, “పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డే కదా సార్, తప్పేం రాశాం?” అన్నారు. చిప్పు పనిచేసేది ఆ పద్ధతిలోనే, నిజమే. కానీ సిగ్నల్ వేరు, ఆకారం వేరు. ఈ సంగతి అమ్మేవారికి తెలుసు. కొనేవారికి తెలియాలంటే కింది వైపు చూపించాలి. ఆ ప్రకటనలో ఉన్నవి పై వైపు ఫొటోలు మాత్రమే! హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు దుకాణానికి వెళ్లి చేత్తో పట్టుకుని చూసుకోగలరు. దేవరకొండలోనో వనపర్తిలోనో ఉన్న మనిషికి ఆ ఫొటోయే దిక్కు.

కొనేవాళ్లు స్కేలు పెట్టి తీసిన ఫొటో అడగండి. 8 లేన్ల కార్డుకు పళ్ల వరుస సుమారు 56 మిల్లీమీటర్లు, 4 లేన్లదైతే 39. వరుసలో ఒకచోట గాటు ఉంటుంది. పట్టీ ఎత్తు కూడా అడగండి: మామూలు కేసుకు 120 మిల్లీమీటర్లది కావాలి, పొట్టి పట్టీ 79 ఉంటుంది. పీసీఐ-ఎక్స్ అని రాసి ఉంటే వదిలేయండి. పేరు దగ్గరగా ఉన్నా అది పాత తరం పొడవాటి స్లాటు, దీనికీ దానికీ పొత్తు లేదు.

మన బోర్డు సంగతీ చూసుకోవాలి. పొడవాటి స్లాటు అయినంత మాత్రాన లోపల 16 లేన్లూ కలిపి ఉండాలని లేదు. చాలా బోర్డుల్లో రెండో పొడవాటి స్లాటుకు నాలుగే ఉంటాయి, మాన్యువల్‌లో రాసి ఉంటుంది. దీనికి మాత్రం భయపడనక్కర్లేదు. రెండో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో ఒక్కో లేను సెకనుకు 500 ఎంబీ మోస్తుంది, నాలుగు కలిస్తే 2 జీబీ. హార్డ్‌డిస్కు ఒక్కోటి 200 ఎంబీ చొప్పున లాగినా ఎనిమిదింటికి అయ్యేది 1.6 జీబీ.

నాకు వచ్చిన కార్డు కింది వైపు ఫొటో ఈ పోస్టుకు జత చేశాను. మీరు కొనబోయేది ఇలా కనిపిస్తే డబ్బు పంపకండి.