విసుగు మీద ఓట్ల వేట

‘శాంతి, సౌభాగ్యం, అన్ని దేశాలతో స్నేహం’ అన్న మాటలు చెక్కి, కింద 2019 అక్టోబర్ 31 తేదీ వేసి బ్రిటన్ టంకశాల 50 పెన్స్ స్మారక నాణేలు ముద్రించడం మొదలుపెట్టింది. ఐరోపా సమాఖ్య నుంచి బయటపడిన రోజుకు, అంటే బ్రెగ్జిట్‌కు, గుర్తుగా జనం జేబుల్లో గలగలలాడాల్సిన నాణేలవి. ఆ తేదీ వచ్చింది, పోయింది. బ్రిటన్ మాత్రం అప్పటికి సమాఖ్యలోనే ఉండిపోయింది. అచ్చయిన నాణేలను కరిగించేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే. ‘అక్టోబర్ 31కి సిద్ధం కండి’ అంటూ 10 కోట్ల పౌండ్ల బడ్జెట్‌తో మొదలెట్టిన ప్రచారాన్నీ మధ్యలోనే ఆపేశారు.

గడువు పొడిగించడం అది మూడోసారి. కొత్త తేదీ 2020 జనవరి 31. ఈలోగా తాడోపేడో తేల్చుకుందామని పార్లమెంటు దిగువ సభ కామన్స్ అక్టోబర్ 29న 438-20 ఓట్లతో డిసెంబర్ 12న ఎన్నికలకు పచ్చజెండా ఊపింది. నాలుగున్నరేళ్లలో అవి మూడో సార్వత్రిక ఎన్నికలు. 2017లో అప్పటి ప్రధాని థెరెసా మే ఎన్నికలు ప్రకటించినప్పుడు బ్రిస్టల్ వీధిలో ఒక పెద్దావిడ టీవీ విలేకరితో ‘జోకా? మళ్లీ ఇంకోటా!’ అని నోరెళ్లబెట్టారు. ఆ వీడియో దేశమంతా తిరిగింది. రెండేళ్ల తర్వాత ఆ మాట అనని ఇల్లు అక్కడ దొరకడం కష్టమైంది. వెళ్లిపోవాలన్నవాళ్లూ, ఉండాలన్నవాళ్లూ అప్పుడు కలిసింది ఈ ఒక్క విసుగు దగ్గరే. సమాఖ్యలోనే ఉండిపోదామన్న ఆన్‌లైన్ పిటిషన్‌పై 60 లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. అవతల, 2019 మే నెలలో జరిగిన ఐరోపా పార్లమెంటు ఎన్నికల్లో పుట్టి కొద్దినెలలే అయిన బ్రెగ్జిట్ పార్టీ మొదటి స్థానం కొట్టేస్తే, దేశాన్ని ఏలుతున్న కన్జర్వేటివ్‌లకు 9 శాతం ఓట్లు కూడా రాలేదు.

ఈ విసుగు న్యాయమైనదే. కానీ దాన్ని ఎవరి మీదికి మళ్లించారన్నదే మా ఆందోళన. ప్రజల తీర్పుకు పార్లమెంటు అడ్డుపడుతోందన్నది అప్పటి ప్రధాని బోరిస్ జాన్సన్ వాదన. వినడానికి బాగానే ఉంటుంది. సమాఖ్యతో థెరెసా మే కుదుర్చుకున్న బ్రెగ్జిట్ ఒప్పందాన్ని 2019 జనవరిలో 432-202 తేడాతో సభ తిప్పికొట్టిన మాట నిజం. మార్చిలో మరో రెండుసార్లు తిరస్కరించింది. పోనీ మీకేం కావాలో మీరే చెప్పండని ఎనిమిది ప్రత్యామ్నాయాలు ముందుపెడితే ఒక్కదానికీ మెజారిటీ రాలేదు. అయితే ఆ అడ్డుపడినవాళ్లలో జాన్సన్ కూడా ఉన్నారు. మొదటి రెండుసార్లూ ఆయన ఓటు వ్యతిరేకంగానే పడింది.

అసలు తప్పు 2016 జూన్ 23 నాటి రిఫరెండంది (ప్రజాభిప్రాయ సేకరణ). ఉండాలా, వెళ్లాలా అని మాత్రమే అడిగారు. 51.9 శాతం వెళ్దామన్నారు, 48.1 శాతం ఉందామన్నారు. వెళ్లాక కస్టమ్స్ యూనియన్‌లో (ఉమ్మడి సుంకాల కూటమి) కొనసాగాలా, ఉమ్మడి విపణి సంగతేమిటి, ఐర్లాండ్ సరిహద్దును ఏం చేయాలి? ఇవేవీ బ్యాలెట్‌లో లేవు. ఓటు పెట్టిన డేవిడ్ కామెరాన్ మర్నాడు ఉదయమే రాజీనామా ప్రకటించి చేతులు దులుపుకున్నారు.

మిగతావాటి మాటెలా ఉన్నా, ఆ సరిహద్దు దగ్గర కాస్త ఆగి చూడాలి. ఉత్తర ఐర్లాండ్‌కూ ఐర్లాండ్ రిపబ్లిక్‌కూ మధ్య సుమారు 500 కిలోమీటర్ల గీత అది. రెండు వందలకు పైగా రోడ్లు దాన్ని దాటుతాయి. ఒకప్పుడు అక్కడ సైనికుల చెక్‌పోస్టులు, కాపలా బురుజులు ఉండేవి. ఉత్తర ఐర్లాండ్‌లో హింసకు తెరదించిన 1998 గుడ్‌ఫ్రైడే శాంతి ఒప్పందం తర్వాత అవి పోయాయి. డబ్లిన్‌లో తయారైన గిన్నెస్ బీరు ఇప్పుడు ట్యాంకర్లలో బెల్ఫాస్ట్ వెళ్లి, డబ్బాల్లో నిండి, మళ్లీ డబ్లిన్ రేవుకు వస్తుంది. ఉత్తరాన పితికిన పాలు ప్రాసెసింగ్ కోసం దక్షిణానికి వెళ్తాయి. డ్రైవర్ బండి ఆపడు, కాగితం చూపించడు. ఒక దేశం సమాఖ్యలో, ఇంకొకటి బయట ఉంటే ఆ బండిని ఎక్కడో ఒకచోట ఆపాల్సిందే. ఈ మాటను మాజీ ప్రధానులు జాన్ మేజర్, టోనీ బ్లెయిర్ రిఫరెండానికి ముందే ఉత్తర ఐర్లాండ్ వెళ్లి మరీ చెప్పారు. వినిపించుకున్నది ఎందరు?

థెరెసా మే దేశం మొత్తాన్నీ సమాఖ్య కస్టమ్స్ పరిధిలో ఉంచి ఈ చిక్కు తప్పించాలనుకున్నారు. సొంత పార్టీయే ఎదురు తిరిగింది. జాన్సన్ ఆ తనిఖీలను సముద్రంలోకి, అంటే బ్రిటన్‌కూ ఉత్తర ఐర్లాండ్‌కూ మధ్యకు జరిపారు. అలాంటిదానికి ఏ కన్జర్వేటివ్ ప్రభుత్వమూ ఒప్పుకోకూడదని 2018 నవంబర్‌లో బెల్ఫాస్ట్‌లో, బ్రిటన్‌తోనే ఉండాలనే ఉత్తర ఐర్లాండ్ పార్టీ డీయూపీ నేతల ముందు చప్పట్లు కొట్టించుకున్నది ఆయనే.

ఇంత చిక్కుముడిని ఓటర్లకు విప్పి చెప్పడం కంటే సంస్థల మీద విరుచుకుపడటం తేలిక. 2019 సెప్టెంబర్‌లో పార్లమెంటును అయిదు వారాలు మూసేయబోయారు. అది చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టులో 11 మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చారు. ఒప్పందం లేకుండా వెళ్లడాన్ని అడ్డుకున్నందుకు 21 మంది సొంత ఎంపీలను గెంటేశారు. వారిలో చర్చిల్ మనవడూ ఉన్నారు. చంపేస్తామన్న బెదిరింపులు వస్తున్నాయి, మాటలు తగ్గించండని ఒక మహిళా ఎంపీ వేడుకుంటే ప్రధాని ‘అంతా బూటకం’ అని కొట్టిపారేశారు. 2016లో రిఫరెండం ప్రచారం మధ్యలో హత్యకు గురైన ఎంపీ జో కాక్స్‌ను గుర్తుచేసి మరీ ఆవిడ అడిగారు. ఈ వేధింపులు భరించలేక కొందరు మహిళా ఎంపీలు మళ్లీ పోటీ చేయబోమన్నారు. దీన్ని మేం మామూలు ఎన్నికల వేడిగా చూడలేం.

ప్రతిపక్షం వెలగబెట్టిందీ ఏమీ లేదు. కొత్త ఒప్పందం తెచ్చి మళ్లీ రిఫరెండం పెడతామన్న అప్పటి లేబర్ పార్టీ నేత జెరెమీ కార్బిన్, తాను ఏ వైపు నిలబడతారంటే నీళ్లు నమిలారు. గెలిస్తే బ్రెగ్జిట్‌నే రద్దు చేస్తామన్న లిబరల్ డెమోక్రాట్లు, వెళ్దామన్న 1.74 కోట్ల ఓట్లను చెత్తబుట్టలో వేస్తామన్నట్టే మాట్లాడారు.

ఇక ‘బ్రెగ్జిట్ పని కానిచ్చేద్దాం’ అన్నది జాన్సన్ నినాదం. విసిగిపోయినవాళ్లకు ఇంతకంటే తియ్యటి మాట ఉండదు. కానీ 2020 జనవరి 31న పూర్తి కావాల్సింది విడిపోవడం ఒక్కటే. సుంకాలు, చేపల వేట, లండన్ ఆర్థిక సంస్థలకు ఐరోపాలో ప్రవేశం వంటివన్నీ ఆ తర్వాతే మాట్లాడుకోవాల్సినవి. పాత నిబంధనలే నడిచే పరివర్తన కాలానికి గడువు 2020 డిసెంబర్. అంటే చేతిలో ఉన్నది 11 నెలలు. కెనడాతో ఐరోపా సమాఖ్య వాణిజ్య ఒప్పందానికి చర్చలు మొదలైనప్పటి నుంచి సంతకాల దాకా ఏడేళ్లు పట్టింది. ఈ లెక్క నినాదంలో లేదు.

మన ఇళ్లలో ఈ గొడవను విడ్డూరంగా చూసేవారి సంగతి సరే, పిల్లల్ని అక్కడ చదివిస్తున్న తెలుగు తల్లిదండ్రులకు దీని సెగ తెలుసు. రిఫరెండం నాడు రూ.100 దగ్గరున్న పౌండు కొద్దివారాల్లోనే రూ.90 దిగువకు జారింది. ఫీజు కట్టేవారికి ఊరట, అక్కడ సంపాదించి ఇంటికి పంపేవారికి దెబ్బ. చదువయ్యాక రెండేళ్లు ఉద్యోగం చేసుకునే వీసాను 2012లో తీసేసింది మే హోంమంత్రిగా ఉన్నప్పుడే. దాన్ని తిరిగి ఇస్తామని జాన్సన్ ప్రభుత్వం 2019 సెప్టెంబర్‌లో ప్రకటించింది. డిసెంబర్ తర్వాత ఎవరుంటారో తెలియని దేశంలో ఆ హామీని నమ్ముకుని బ్యాంకు లోను తీసుకోవాలా వద్దా అన్నది అప్పుడు చాలా ఇళ్లలో టెన్షనే అయింది.

బ్రిటన్‌లో డిసెంబర్ నెలలో సార్వత్రిక ఎన్నికలు రావడం 96 ఏళ్లలో అదే మొదటిసారి. 1923లో కన్జర్వేటివ్ ప్రధాని స్టాన్లీ బాల్డ్విన్ కూడా వాణిజ్యం మీదే, దిగుమతి సుంకాలకు అనుమతి ఇమ్మనే ప్రజల ముందుకు వెళ్లారు. చేతిలో ఉన్న మెజారిటీ పోయింది. ఇంకెవరికీ రాలేదు.