గట్టు మాట ఎత్తని సమాధానం

ఒంగోలు చుట్టుపక్కల మా క్రైస్తవ సంఘాల్లో నెలకు ఒక ఆదివారం బల్ల, అంటే యేసు మరణాన్ని తలచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన, ఉంటుంది. రొట్టె పళ్లెం వరుస వెంట వస్తుంటే కొందరు తల వంచుకుని పక్కవారికి అందించేస్తారు. ఎవరితోనో మాటలు లేవని అర్థం. మా సంఘంలో ఒకతను నాలుగేళ్లు అలాగే పళ్లెం దాటించాడు. పొలం గట్టు దగ్గర అన్నతో తగాదా. పెద్దలు రెండుసార్లు ఇద్దరినీ ముందుకు పిలిచి చేతులు కలిపించి ప్రార్థన చేశారు. "చేతులైతే కలిపించారు గానీ, గట్టు మాట ఎవరూ ఎత్తలేదు" అని అతను నాతో అన్నాడు.

తెలుగు బైబిలులో శాంతికి వాడిన మాట సమాధానం. "సమాధానపరచువారు ధన్యులు" అని కొండమీది ప్రసంగంలో చదువుతాం. గుడి బయట అదే మాటకు జవాబు అని అర్థం. ఈ రెండు అర్థాలూ ఒకే మాటలో ఒదగడం మన భాష మనకు చేసిన మేలు అనుకుంటాను. నష్టపోయిన మనిషికి జవాబు దొరకకుండా కుదిర్చేదాన్ని రాజీ అనవచ్చు గానీ సమాధానం అనడానికి నాకు నోరు రాదు. జనం గాయాన్ని పైపైన మాన్పి, సమాధానం లేని చోట "సమాధానము సమాధానము" అని చెప్పేవారిని యిర్మీయా ప్రవక్త ఏనాడో గద్దించాడు.

మరి భూమి మీదికి సమాధానం పంపడానికి రాలేదని, ఖడ్గం పంపడానికే వచ్చానని యేసు అన్నమాట సంగతి? మత్తయి 10వ అధ్యాయంలోని ఈ వాక్యం చాలామందిని ఇబ్బంది పెడుతుంది. అయితే కత్తి దూసిన తన శిష్యుడు పేతురుతో దాన్ని ఒరలో పెట్టమన్నది కూడా ఆయనే. శిష్యుడు ఖడ్గం పట్టడు, సత్యం వైపు నిలబడినందుకు అది అతని ఇంటిలోకే, ఊరిలోకే వస్తుంది. మన జిల్లా చరిత్రలో దీనికి సాక్ష్యం ఉంది.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలులో సేవ మొదలుపెట్టినప్పుడు క్రైస్తవం పట్ల పై కులాల వారిలోనూ ఆసక్తి ఉండేది. మాదిగలను చేర్చుకుంటే తాము రామన్నారు. వారి మాట వింటే ఊరంతా ప్రశాంతంగా ఉండేది. క్లౌ దంపతులు మొదటి కొరింథీ పత్రిక మొదటి అధ్యాయం చదివారు. లోకంలో ఎన్నిక లేనివారిని దేవుడు ఏర్పరచుకున్నాడని అక్కడ ఉంది. మాదిగ విశ్వాసి అయిన తాళ్లకొండపాడు పేరయ్య వెంట వచ్చిన మాదిగలను వారు చేర్చుకున్నారు. విశ్వసించిన వారు జాతరలకు డప్పు కొట్టబోమన్నారు, ఆదివారం పనికి రామన్నారు, చచ్చిన పశువు మాంసం ముట్టబోమన్నారు. దానితో ఊరికీ మాదిగపల్లెకూ పోరు మొదలైంది. అంతకు ముందున్న నెమ్మది ఎవరి నోరు నొక్కితే వచ్చిందో ఆ పోరు బయటపెట్టింది.

1876-78 కరవులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి పని కల్పించాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరవు కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తరువాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఏటిలోకి దిగినవారు ఊరితో పోరు తప్పదని తెలిసే దిగారు.

నూరేళ్ల తరువాత కూడా ఆ పోరు తీరలేదు. 1985 జులై 17న, అప్పటి ప్రకాశం జిల్లాలోని కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. తాగే చెరువు నీళ్లు పాడుచేయవద్దని అడగడం దగ్గర మొదలైంది గొడవ. సుప్రీంకోర్టు తీర్పు 2008లో వచ్చింది. జవాబు రావడానికి ఇరవై మూడేళ్లు పట్టింది. ఆ కుటుంబాల వారికి క్షమాపణ గురించి ప్రసంగం చేసే హక్కు, ఆ ఇరవై మూడేళ్లూ కోర్టు మెట్లెక్కినవారికి తప్ప మరెవరికీ లేదని నా నమ్మకం.

గుడి లోపలి తగాదాలు ఇంకా బాధిస్తాయి. మాలపల్లెకొక గుడి, మాదిగపల్లెకొక గుడి కట్టుకున్నాం. కమిటీ ఎన్నికల మీద, స్థలాల మీద కేసులు వేసుకుంటున్నాం. విశ్వాసులు కోర్టుకు వెళ్లకూడదన్న అపొస్తలుడు పౌలు మాటను బలహీనుడి మీదే ప్రయోగిస్తాం. అదే చోట, సహోదరులకే అన్యాయం చేస్తున్నారని పౌలు అపహరించేవారిని నిలదీసిన వాక్యం చదవం. మత్తయి 18లో వరుస స్పష్టంగా ఉంది: ముందు ఒంటరిగా వెళ్లి తప్పు తెలియజేయాలి, వినకపోతే ఇద్దరు ముగ్గురితో, అప్పటికీ వినకపోతే సంఘంతో. తప్పు పేరు పెట్టి చెప్పకుండా ఈ మెట్లలో ఒక్కటీ ఎక్కలేం.

కిందటేడు మా పెద్దలు సర్వేయరును పిలిపించి ఆ గట్టు కొలిపించారు. గట్టు అన్న వైపు నుంచి తమ్ముడి పొలంలోకి రెండు అడుగులు జరిగి ఉందని తేలింది. ఆ మరుసటి బల్లనాడు తమ్ముడు రొట్టె తీసుకున్నాడు. అన్న ఆ నెల గుడికి రాలేదు, తరువాతి నెలా రాలేదు. పెద్దలు ఇప్పుడు ప్రతి శనివారం సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లి కూర్చుంటున్నారు.