ఖాళీ చేయించేస్తాడట!

మా పోర్షనుకూ పక్క పోర్షనుకూ మధ్య ఉన్నది నాలుగంగుళాల గోడ. వినకూడదు అనుకున్నా వినబడుతుంది. నేను అనుకోను కూడా.

ఆవిడ: ఏమండీ, స్టూలెక్కి ఏమిటి వెతుకుతున్నారు?

ఆయన: వెతకడం లేదు, దించుతున్నాను. ఓనరు ఫోనులో మాట్లాడుతుంటే మెట్ల మీద నిలబడి చెవులారా విన్నాను. "ఆదివారం ఖాళీ చేయించేస్తాను" అన్నాడు.

ఆవిడ: ఎవరిని?

ఆయన: ఇంకెవరిని? "నాలుగేళ్ల మురికి, ఇక చూడలేను" అన్నాడు. మనం వచ్చి నాలుగేళ్లే కదా!

ఆవిడ: (కాసేపు ఆగి) అవును, నాలుగేళ్లే. ఆ ఇత్తడి గంగాళం కూడా దించండి.

ఆయన: పదకొండు నెలల అగ్రిమెంటు ఎప్పుడో తీరిపోయింది. మనకిక దిక్కు లేదు.

ఆవిడ: తీరిపోయినా నెలనెలా అద్దె పుచ్చుకుంటున్నాడు కదా. పొమ్మనాలంటే పదిహేను రోజుల ముందు కాగితం మీద నోటీసు ఇవ్వాలి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 106వ సెక్షను.

ఆయన: 1882కు మా తాతే పుట్టలేదు.

ఆవిడ: పుట్టి ఉంటే ఆయనా స్టూలెక్కి మూటలు కట్టేవారు. ఆ పాత పరుపు కూడా లాగండి.

ఆయన: నోటీసు ఇస్తే మాత్రం వెళ్లాలి కదా?

ఆవిడ: మనం కదలకపోతే అతను కోర్టుకు వెళ్లాలి. కోర్టు చెప్పకుండా తాళం మార్చినా, సామాను వీధిలో పడేసినా అక్రమమే. కరెంటు తీసేసి, నీళ్లు కట్టేసి పొగబెట్టినా అంతే.

ఆయన: నీళ్లు! శనివారం రాత్రి నుంచి నీళ్లు కట్టేస్తానన్నాడు!

ఆవిడ: అన్నాడా? అయ్యో.

ఆయన: అంతేనా? "ఇద్దరు మనుషులను దింపుతాను, అడుగు దాకా గీకిస్తాను" అన్నాడు. రౌడీలే!

ఆవిడ: (దగ్గు, నాకు మాత్రం నవ్వులాగే వినబడింది) మిమ్మల్ని గీకితే ఏముంటుంది, పాత పేపర్లు తప్ప.

ఆయన: నీకు వేళాకోళంగా ఉంది. గెంటేస్తే ఎక్కడ పడుకుంటాం?

ఆవిడ: గెంటేస్తే ఆరు నెలల లోపల దావా వేయవచ్చు. ఇల్లు ఎవరి పేరున ఉందని అందులో అడగరు. చట్టప్రకారం కాకుండా బయటకు నెట్టారని రుజువైతే చాలు, తిరిగి లోపల పెట్టిస్తారు. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం, ఆరో సెక్షను. ప్లీడరు గుమస్తా కూతురితో ముప్ఫై ఏళ్లు కాపురం చేశారు, ఒక్క సెక్షనైనా అంటలేదు. తమంతట తాము మూట కట్టుకుని పోయేవాళ్లకు మాత్రం ఏ సెక్షనూ లేదు. దాన్ని ఇల్లు మారడం అంటారు.

ఆయన: ...

ఆవిడ: అద్దె రసీదులు ఏవి?

ఆయన: మొదటి మూటలో. నీ బీపీ మాత్రల కింద.

ఆవిడ: మొదటి మూటలో నా మాత్రలా?

ఆయన: మరి? కంగారులో నువ్వు ఎలాగూ మరచిపోతావు. కాఫీ ఫిల్టరు కూడా అందులోనే ఉంది.

(చాలాసేపు ఏమీ వినబడలేదు. చెవి ఇంకాస్త ఆనించాను.)

ఆవిడ: దిగండి. స్టూలు ఊగుతోంది.

ఆయన: ఇంకొక్క డబ్బా ఉంది.

ఆవిడ: అయితే అదీ దించి దిగండి. ఆదివారం ఖాళీ చేయించేది సంపును.

ఆయన: సంపునా!

ఆవిడ: నిన్ననే ఓనరు భార్య వచ్చి బకెట్లు నింపి పెట్టుకోమంది.

ఆయన: మరి నాలుగేళ్ల మురికి?

ఆవిడ: సంపుదే. మీది వేరే లెక్క.

ఆయన: ముందే చెప్పవచ్చు కదా!

ఆవిడ: అటక దులపమని ఉగాది నుంచి చెబుతున్నాను. కోర్టు ఆర్డరు తెచ్చినా మీరు కదిలేవారా?

ఆయన: ఇది అన్యాయం. నోటీసైనా ఇవ్వకుండా నన్ను...

ఆవిడ: ఆ మాత్రలు ఇటు ఇవ్వండి, వేళయింది. ఫిల్టరు కూడా.