మీరు ఏ గ్రూపు తీసుకున్నారు?

మా ఇంట్లో ఒక రేకు బిస్కట్ డబ్బా ఉంది. మొదట్లో అందులో బిస్కట్లుండేవి, తర్వాత సూదీ దారం, ఆ తర్వాత మా తాతగారి చిల్లర వచ్చి చేరింది. ముప్పై ఏళ్లు ఆ డబ్బా ఎవరి జోలికీ పోలేదు, దాని జోలికీ ఎవరూ పోలేదు. పోయిన ఏడాది సిటీలో ఒక కల్యాణ మండపంలో నాణేల ప్రదర్శన పెట్టారంటే, ఆదివారం పూట వేరే పనేమీ లేక, దాన్ని సంచిలో పెట్టుకుని వెళ్లాను.

బల్ల వెనకాల కూర్చున్న పెద్దాయన మూత తీశాడు, లోపలికి చూశాడు, నా మొహం చూశాడు, మళ్లీ మూత పెట్టేశాడు.

"మీరు ఏం కలెక్ట్ చేస్తారండీ?"

"నాణేలండి."

చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. డాక్టరు "ఏం జబ్బు?" అంటే "జబ్బేనండి" అన్నట్టుంది నా జవాబు అని ఇంటికొచ్చాక గానీ అర్థం కాలేదు.

సంగతేమిటంటే, ఈ లోకంలో నాణేలు పోగేసేవాడు వేరు, కలెక్టరు వేరు. కలెక్టరుకి ఫోకస్ ఉండాలి, అంటే ఏదో ఒక రకం నాణేలకే కట్టుబడాలి. ఇంటర్మీడియట్‌లో చేరేవాణ్ని చుట్టాలందరూ "ఏ గ్రూపు తీసుకున్నావురా" అని అడిగి, వాడు చెప్పిన జవాబుని బట్టి కాఫీ ఇవ్వాలా మంచినీళ్లతో సరిపెట్టాలా అని నిర్ణయిస్తారు చూడండి, అచ్చం అదే పద్ధతి. "అన్నీ పోగేస్తానండి" అన్నారో, ఎంపీసీ, బైపీసీ, సీఈసీ మూడూ ఒకేసారి చదువుతానన్న కుర్రాణ్ని చూసినట్టు చూస్తారు. వాళ్ల జాలికీ కారణం లేకపోలేదు. ఇప్పటి టర్కీలో ఒకప్పుడున్న లిడియా దేశంలో మొదటి నాణేలు కొట్టి రెండు వేల ఆరు వందల ఏళ్లు దాటింది. అప్పట్నుంచీ ఎంతమంది రాజులు, ఎన్ని టంకశాలలు! అన్నీ కావాలంటే మధురవాడలో ఫ్లాటు కాదు గదా, కైలాసగిరి మొత్తం రాయించుకున్నా చోటు చాలదు.

అందుకని నేను ప్రభుత్వానికి ఒక సూచన చేస్తున్నాను, నవ్వకుండా వినాలి. ఇంజినీరింగ్ సీట్లకి పెట్టినట్టే నాణేల సేకరణకీ కౌన్సెలింగ్ పెట్టాలి. డబ్బా బరువుని బట్టి ర్యాంకు, వెబ్ ఆప్షన్లు, చివర్లో మిగిలినవాళ్లకి స్పాట్ అడ్మిషన్లు. ఇది లేకపోవడం వల్ల విశాఖపట్నంలో ఎన్ని జీవితాలు దారి తప్పుతున్నాయో నేను కళ్లారా చూస్తున్నాను.

మా ఎదురింటాయన్నే తీసుకోండి. స్టీల్ ప్లాంటులో రిటైరయ్యారు. ఆయన తీసుకున్న గ్రూపు టంకశాలలు. రూపాయి బిళ్ల మీద సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాద్‌లో కొట్టింది, వజ్రం ఆకారం ఉంటే ముంబై, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. ఏ గుర్తూ లేకపోవడమే గుర్తు అన్నమాట, మా ఆఫీసులో పెద్ద సారు హాజరు పట్టీలాగా. ప్రతి ఏడాదీ, ప్రతి విలువా, నాలుగు టంకశాలలవీ ఆయనకి కావాలి. ఈ లెక్కన ఆయనకి భగవంతుడు ఇంకో నూరేళ్లు ఇచ్చినా చాలదు, ఎందుకంటే వాళ్లు ఏటా కొడుతూనే ఉంటారు.

ఒకరోజు ఎంవీపీ కాలనీ రైతుబజార్లో ఆయన వెనకాలే లైన్లో ఉన్నాను. వంకాయలమ్మి మూడు రూపాయి బిళ్లలు చిల్లర ఇచ్చింది. ఈయన సంచి కింద పెట్టి, జేబులోంచి భూతద్దం తీసి, ఒక్కొక్క బిళ్లనీ ఎండకేసి తిప్పి చూడ్డం మొదలెట్టారు. వెనకాల లైను టమాటాల దాకా పెరిగిపోయింది.

"ఏటి బాబూ, దొంగ రూపాయి ఇచ్చీసేననుకున్నావేటి?" అందామె.

"అబ్బే కాదమ్మా, నోయిడానా కాదా అని చూస్తున్నాను."

"నోయిడా ఎవలు?"

ఆయన చెప్పబోయారు. లైను వొప్పుకోలేదు. బయటికొచ్చాక మాత్రం నాతో చెప్పుకుని బాధపడ్డారు. నక్షత్రాలు గుట్టలు గుట్టలుగా దొరుకుతాయిట గానీ, ఆ నక్షత్రం ఇప్పుడు మనది కాదట. ఉమ్మడి రాష్ట్రంలో ఉన్న ఒకే ఒక్క టంకశాల విభజనతో అటు పోయింది, రైల్వే జోన్ కోసం అన్నేళ్లు గొంతు చించుకున్న మనవాళ్లు టంకశాల అడగడం మర్చిపోయారని ఆయన ఆవేదన. నాకు న్యాయంగానే తోచింది.

ఇంకొకాయన పుట్టిన సంవత్సరం గ్రూపు. పైకి చాలా సుళువుగా కనిపిస్తుంది, మీరు ఏ ఏడాది పుడితే ఆ ఏడాది నాణేలన్నీ పోగేస్తే చాలు. ఈయన పుట్టింది 1958లో. దేశం అణాలు వదిలేసి నయాపైసల్లోకి మారింది 1957 ఏప్రిల్ ఒకటిన, కొత్త లెక్కలో రూపాయి బిళ్ల వచ్చిందేమో 1962లో. అంటే ఈయన పుట్టిన ఏడు నయాపైసలున్నాయి గానీ రూపాయి లేదు. "మా అమ్మ నాలుగేళ్లు ఆగి ఉంటే ఎంత బావుండేది" అని అరవై ఏళ్లు దాటిన మనిషి నిట్టూరిస్తే ఏం ఓదారుస్తాం.

పోర్టు ఊరు కదా, షిప్పుల్లో పనిచేసొచ్చిన మేనమామలున్న ఇళ్లు బోలెడు. వాళ్ల దగ్గర పాండ్స్ డబ్బాలో విదేశీ చిల్లర ఉంటుంది, ఆ దేశాల్లో కొన్ని ఇప్పుడు పటంలో కూడా లేవు. ఓడల బొమ్మలున్న నాణేలు అనేది మనకి పుట్టుకతో వచ్చిన గ్రూపు అనుకోవచ్చు. శాతవాహనుల యజ్ఞశ్రీ శాతకర్ణి రెండు తెరచాప కొయ్యలున్న ఓడని సీసం నాణెం మీద వేయించాడు, అవి మన తూర్పు తీరం పొడుగునా దొరికాయి. కానీ ఒకసారి ఆ సీసం ముక్క చేతిలోకి తీసుకుని చూస్తే ఓడ ఏదో, తుప్పు ఏదో తెలియదు. అమ్మేవాడు "ఇదిగో తెరచాప" అంటాడు, మనకి తేలు కనిపిస్తుంది. నేవీలో చేసిన మా పక్క వీధి ఆయన అది సబ్‌మెరైన్ అని తేల్చేశారు.

ఇక లక్షాధికారుల గ్రూపు ఒకటుంది, దీని గురించి ఎక్కువ చెప్పను, కడుపు మండుతుంది. వైష్ణోదేవి బొమ్మున్న ఐదు రూపాయల బిళ్ల ఉంటే పది లక్షలిస్తాం అని వీడియో వస్తుంది. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు, తర్వాత జీఎస్టీ, ఆ తర్వాత ఇంకేదో. మా బావమరిది ఆ బిళ్ల అమ్మడానికి పద్దెనిమిది వేలు ఖర్చుపెట్టాడు, బిళ్ల ఇంకా వాడి దగ్గరే ఉంది, దాని విలువ ఇంకా ఐదు రూపాయలే. తన పేరు చెప్పి పాత నోట్లు, నాణేల మీద కమీషన్లు అడిగేవాళ్లని నమ్మొద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది. మావాడు ఆ ప్రకటన చదివాడు. అది పోటీదారుల కుట్ర అన్నాడు. ఇప్పుడు కొత్తగా 1818 నాటి ఈస్టిండియా కంపెనీ రామదర్బారు నాణెం కొన్నాడు, బియ్యం గింజలు లాగుతుందిట. అలాంటి నాణెం కంపెనీ ఏనాడూ కొట్టలేదు, అది తర్వాతివాళ్లు పోతపోసిన బిళ్ల అని చెప్పాను. "మరి రాముడున్నాడుగా బావా" అన్నాడు. ఏమనగలను.

ఇన్ని చూశాక నా సంగతికొస్తే, నేను చాలా గంభీరంగా ఆలోచించి తెలుగు మీడియం తీసుకున్నాను. ఇది నా సొంత బుర్రలోంచి వచ్చిన ఆలోచనే, కొంచెం గర్వంగానే చెప్పుకుంటాను. డబ్బాలో అడుగున మూడు అణా బిళ్లలు కనిపించాయి. అంచు గుండ్రంగా కాకుండా అలలు అలలుగా ఉంటుంది, వేలితో చుట్టూ తడిమితే తెలుస్తుంది. ఒక పక్క ఐదో జార్జి. రెండో పక్క ఒకటి అంకె, దాని చుట్టూ ఇంగ్లీషు, ఉర్దూ, నాగరి, బెంగాలీ, వాటి మధ్య ఒక మూల చిన్న ముత్యాల్లాంటి అక్షరాలు: ఒక అణా. తెలుగే! నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. తెల్లవాడి బిళ్ల మీద మన భాషుంది, ఇప్పుడు జేబులో ఉన్న బిళ్ల మీద లేదు. దీని మీద ఒక ఉద్యమం లేవదీద్దామనుకున్నాను గానీ ఆ వారం ఇంట్లో దీపావళి పనులున్నాయి.

ఆ దీపావళి పనులే నా కొంప ముంచాయి. అణాలూ, వాటితోపాటు తాతగారి కానీలు, అంటే పావు అణా బిళ్లలు, ఓ గుప్పెడు, యుద్ధం రోజుల్లో లోహం ఆదా చెయ్యడానికి నడుమ చిల్లు పెట్టి కొట్టిన చిల్లి కానీలతో సహా, ఒక పళ్లెంలో పరిచి ఆఫీసుకెళ్లాను. సాయంత్రం వచ్చేసరికి పళ్లెం ఖాళీ. పెరట్లో ఇత్తడి కుందులు, రాగి చెంబు, పంచపాత్ర వరసగా బోర్లించి ఉన్నాయి, వాటి పక్కనే పాత తువ్వాలు మీద నా సేకరణ తళతళలాడుతోంది. చింతపండు, కొబ్బరి పీచు, ఆపైన పీతాంబరి.

"మరీ నల్లగా మురికి పట్టీసి ఉన్నాయి బాబూ, అందుకే తోమీసేను" అన్నారు మా అత్తగారు, మెచ్చుకుంటానని చూస్తూ.

ఎనభై తొంభై ఏళ్ల పాటు గాలికీ చేతులకీ పట్టిన ఆ నలుపే నాణేనికి ప్రాణమనీ, దాన్ని తోమడమంటే తాళపత్రాన్ని సర్ఫులో నానబెట్టడమేననీ ఆవిడకెలా చెప్పను? జార్జి చక్రవర్తి గడ్డం మీద పీచు గీతలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. "చాలా బావున్నాయండి" అన్నాను. మర్నాడు అదే బల్ల పెద్దాయనకి చూపిస్తే, బిళ్లని అంచు పట్టుకుని ఎత్తి, "తోమారా?" అని చిన్నగా అడిగి, పోయినవాళ్లింటికి వచ్చినట్టు నా భుజం తట్టాడు. చిల్లి కానీకి చిల్లి గవ్వ విలువ కూడా కట్టలేదు.

దాంతో తెలుగు మీడియం మూతపడింది. ఏ గ్రూపూ లేనివాడిగా మిగిలిపోయి, ప్రదర్శనలకి వెళ్లడం మానేసి, సందులు తప్పించుకు తిరుగుతున్న రోజుల్లో నా అసలు గ్రూపు నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నేను ఎంచుకోలేదు, అంటగట్టారు. అదే పది రూపాయల బిళ్ల, రెండు లోహాలతో చేసిన బైమెటల్ రకం.

మనూళ్లో పది రూపాయల బిళ్ల సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు. మీకు ఇచ్చేవాళ్లుంటారు, మీ దగ్గర తీసుకునేవాళ్లుండరు. పద్నాలుగు రకాల డిజైన్లున్నాయనీ అన్నీ చెల్లుతాయనీ రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో చెప్పింది. చెల్లవని బీచి రోడ్డులో కొబ్బరిబొండాలాయన చెప్పాడు. నేను చట్టం తెలిసినవాణ్ని కాబట్టి, 2011 నాణేల చట్టం ప్రకారం రూపాయి, ఆపై బిళ్లలు ఒకేసారి వెయ్యి రూపాయల దాకా చెల్లుతాయని ఆయనకి వివరించాను. ఆయన కత్తి పక్కన పెట్టకుండానే అంతా విన్నాడు. "పైన పది గీతలుంటే అసలు, పదిహేనుంటే డూప్లికేటు సార్. మీది లెక్కెట్టండి" అన్నాడు. లెక్కపెట్టాను. పది. "అయినా వొద్దులెండి" అన్నాడు.

అట్లా షేర్ ఆటోవాడు, టీ కొట్టువాడు, మురీ మిక్చరు బండివాడు, అందరూ కలిసికట్టుగా పూనుకుని ఆరునెలల్లో నన్నొక కలెక్టర్ని చేశారు. పదిహేను గీతలది, రూపాయి గుర్తు లేనిది, ఉన్నది, పార్లమెంటు అరవై ఏళ్లది, అంబేడ్కర్ది, యోగా దినోత్సవానిది, కొబ్బరి పీచు బోర్డుది. ఔను, కాయిర్ బోర్డు అరవై ఏళ్లకి కూడా బిళ్ల వేశారు, మా అత్తగారి పీచు గుర్తొచ్చి నేను దాన్ని కాసేపు బోర్లించి పెట్టాను. అల్బమ్ కొన్నాను. సముద్రపు గాలికి పాడవకుండా సిలికా పొట్లాలు పెట్టాను. పద్నాలుగింటికి పదమూడు పూర్తయ్యాయి, ఒక్కటే బాకీ. ప్రదర్శనకి మళ్లీ వెళ్లి, పెద్దాయన అడగకముందే, "పదిరూపాయల బైమెటల్, చెలామణీలోంచి తీసినవి మాత్రమే" అన్నాను. ఆయన లేచి కుర్చీ వేశాడు. టీ కూడా వచ్చింది, పేపరు కప్పులోనే అనుకోండి.

పోయిన శనివారం సాయంత్రం ఇంటికొచ్చి అల్బమ్ తీస్తే పేజీలన్నీ ఖాళీ.

"అవా? ఎక్కడా తీసుకోవట్లేదని మీరే రోజూ గోల పెడతారుగా" అంది మా ఆవిడ, తల తుడుచుకుంటూ. "సింహాచలం వెళ్లొచ్చాం అమ్మా నేనూ. అప్పన్న హుండీలో వేసేశాను. ఆయనైతే కాదనడు."

నేను నోరు తెరిచాను. మాట రాలేదు.

"ఒకటి మటుకు ఉంచాన్లెండి, కొండ కింద చెప్పుల స్టాండువాడికి ఇద్దామని" అని కొంగు ముడి విప్పి నా చేతిలో పెట్టింది. "వాడూ తీసుకోలేదు."