ధనుష్కోటి స్టేషన్ చరిత్ర ఒక్క రాత్రిది కాదు

తమిళనాడులో రామేశ్వరం దీవి కొసన ఉన్న ధనుష్కోటి రైల్వే స్టేషన్ గురించి ఎవరు రాసినా 1964 డిసెంబరు 22 రాత్రితో మొదలుపెట్టి అక్కడే ముగిస్తారు. తుఫాను, ఉప్పెన, పాంబన్‌లో బయలుదేరి గమ్యం చేరకుండానే సముద్రంలో కలిసిపోయిన పాసింజరు బండి, ఆపైన దెయ్యాల కథలు. ఆ బండిలో వందమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు, వారిని తలచుకోవడం మన ధర్మం. కానీ అంతకుముందు అర్ధశతాబ్దం పాటు ఆ స్టేషన్ చేసిన పనిని పూర్తిగా వదిలేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

రామేశ్వరం దీవిని ప్రధాన భూభాగంతో కలిపే పాంబన్ వంతెన 1914లో ప్రారంభమయ్యే వరకు సిలోన్ (నేటి శ్రీలంక) వెళ్లేవారు తూత్తుకుడి దాకా రైల్లో వెళ్లి అక్కడ ఓడ ఎక్కేవారు. వంతెన వచ్చాక సౌత్ ఇండియన్ రైల్వే మీటర్ గేజ్ పట్టాలు ధనుష్కోటి రేవు దాకా సాగాయి. మద్రాసు ఎగ్మోర్‌లో బోట్ మెయిల్ రైలు ఎక్కినవారు ఇక్కడ దిగి, స్టీమరులో సుమారు 35 కిలోమీటర్ల సముద్రం దాటి, సిలోన్ తీరంలోని తలైమన్నార్‌లో కొలంబో రైలు అందుకునేవారు.

ఆ ప్రయాణికుల్లో దొరలూ వర్తకులూ ఉన్నమాట నిజమే. అయితే నా దృష్టిలో ఈ దారి చరిత్రకు ప్రాణం తేయాకు తోటల కూలీలు. కరువు, అప్పులు తరిమితే పల్లెలు విడిచిన తమిళ కుటుంబాలను వంతెనకు ఇవతలి ఒడ్డున ఉన్న మండపం శిబిరంలో క్వారంటైన్‌లో ఉంచి, ఆ తర్వాతే సముద్రం దాటించేవారు. సిలోన్ కొండల్లోని తోటలు వారి చెమటతోనే పెరిగాయి. తనకు స్వాతంత్ర్యం వచ్చాక సిలోన్ ఆ కూలీల్లో అత్యధికులకు పౌరసత్వం నిరాకరించింది. చివరకు 1964 అక్టోబరు 30న భారత ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రికీ సిలోన్ ప్రధాని సిరిమావో బండారనాయకేకూ మధ్య కుదిరిన శాస్త్రి-సిరిమావో ఒప్పందం 5,25,000 మందిని భారతదేశానికి పంపాలని తేల్చింది. రెండు నెలలైనా గడవకముందే ధనుష్కోటి నేలమట్టమైంది. తాతలు దాటివెళ్లిన స్టేషన్ మనవలు తిరిగొచ్చేనాటికి లేదు. వారి ఓడలు రామేశ్వరం చేరాయి. ఈ రెండు సంఘటనలను కలిపి చెప్పేవారు ఇంత అరుదుగా ఉండటం నన్ను నిజంగా బాధిస్తుంది.

తుఫానుకు దెబ్బతిన్న పాంబన్ వంతెనను రైల్వే ఇంజనీరు ఇ. శ్రీధరన్ నాయకత్వంలో 46 రోజుల్లో బాగుచేశారు. ధనుష్కోటి పట్టాలను మాత్రం మళ్లీ వేయలేదు, ఆ ఊరు నివాసానికి పనికిరాదని ప్రభుత్వం ప్రకటించింది. రెండు సముద్రాల మధ్యనున్న సన్నని ఇసుక తిన్నె మీద మళ్లీ జనాన్ని నిలపకూడదనుకోవడాన్ని నేను తప్పుపట్టను. అయినా జాలరి కుటుంబాలు ఇప్పటికీ అక్కడే గుడిసెలు వేసుకుని బతుకుతున్నాయి.

రామేశ్వరం నుంచి ధనుష్కోటికి మళ్లీ రైలు మార్గం వేయడానికి 2019లో శంకుస్థాపన జరిగింది. ఆ మార్గం వచ్చినా రాకపోయినా, ఉప్పుగాలికి రాలిపోతున్న పాత స్టేషన్ గోడలను ఇప్పుడే పటిష్ఠం చేయాలి. తుఫాను మృతుల స్మృతి పక్కనే, ఈ దారిన వెళ్లిన కూలీల చరిత్రను కూడా తమిళంలో, సింహళంలో, వచ్చే యాత్రికుల భాషలన్నింటిలో రాసి నిలబెట్టాలి.