సంతకం తర్వాత, ముందు చేతులు చూడండి

పాత కంచు బొమ్మ కనిపించగానే చాలామంది దాన్ని తిరగేసి సంతకం వెతుకుతారు. అది దొరికిందంటే బేరం సగం తెగినట్టే. నన్నడిగితే ముందు చూడాల్సింది బొమ్మ చేతుల్ని.

న్యాయం, కాలం, కీర్తి లాంటి భావాలకు మనిషి రూపమిచ్చిన యూరప్ శిల్పాల్లో అసలు సంగతి చేతిలోని వస్తువే చెబుతుంది. తక్కెడ ఉంటే న్యాయం. కొడవలి, ఇసుక గడియారం ఉంటే కాలం. బాకా ఊదుతుంటే కీర్తి. చిక్కేమిటంటే ఇలాంటి సన్నటి భాగాల్ని తరచూ విడిగా పోతపోసి మరలతో బిగించేవారు. ఏళ్లు గడిచేకొద్దీ ముందు ఊడిపోయేవీ అవే. తక్కెడ పోయిన న్యాయదేవత ఊరికే చెయ్యి చాచిన అమ్మాయిగా మిగులుతుంది. ఎవరో ఆ చేతికి ఒక దీపం తగిలిస్తే పేరే మారిపోతుంది! అందుకే పిడికిట్లో ఖాళీ రంధ్రం ఉందా, మర దగ్గర రంగు తేడాగా ఉందా అని చూసుకోవాలి.

దీనికి తిరగేసిన ఉదాహరణా ఉంది. 1870-71 యుద్ధంలో ఫ్రాన్స్ ప్రష్యా చేతిలో ఓడిపోయాక ఫ్రెంచి శిల్పి ఆంతోనిన్ మెర్సియే ‘గ్లోరియా విక్టిస్’ అనే శిల్పం చేశాడు. ‘ఓడినవారికి కీర్తి’ అని దానర్థం. రెక్కల కీర్తిదేవత నేలకొరిగిన సైనికుణ్ని మోసుకెళ్తుంటుంది. అతని చేతిలో కత్తి విరిగి ఉంటుంది. అది డ్యామేజీ కాదు, శిల్పంలోని అర్థమే అది. సంగతి తెలియనివాడు దాన్ని బాగు చేయించినా చేయిస్తాడు.

ఇక సంతకం. అషీల్ కొలాస్ శిల్పాల్ని కొలత తప్పకుండా చిన్నవి చేసే యంత్రం తయారుచేశాడు. 1838లో ఫెర్డినాండ్ బార్బెడియెన్‌తో కలిసి పారిస్‌లో అలాంటి చిన్న ప్రతులు పోతపోసే కంపెనీ పెట్టాడు. దాంతో పెద్ద శిల్పాలు రకరకాల సైజుల్లో ఇళ్లలోకి వచ్చేశాయి. ‘గ్లోరియా విక్టిస్’ కూడా అలా చాలా సైజుల్లో వచ్చింది. వీటిమీది శిల్పి సంతకం సాధారణంగా నమూనా మీదే ఉంటుంది కాబట్టి ప్రతి పోతలోనూ పడుతుంది. పాత బొమ్మకే అచ్చు తీసి పోసిన దొంగ నకలులోనూ పడుతుంది. కాకపోతే కంచు చల్లారేటప్పుడు ఒకటి రెండు శాతం కుంచించుకుపోతుంది. అందుకే అదే సైజు అసలు ప్రతి పక్కన పెడితే నకలు కొంచెం పొట్టిగా తేలుతుంది, వేలి గోళ్లు, జుట్టు పాయలు మొద్దుబారి కనిపిస్తాయి. సంతకం కన్నా ఈ కొలత మీదే నాకు నమ్మకం ఎక్కువ.

కంచు రంగు పూసిన జింకు బొమ్మలది ఇంకో తలనొప్పి. రెండింటికీ అయస్కాంతం అంటుకోదు కాబట్టి ఆ పరీక్ష దండగ. పీఠం అడుగున చిన్నగా గీస్తే కంచు పసుపుగా, జింకు వెండి బూడిద రంగులో బయటపడుతుంది. ఇక తళతళలాడాలని తోమేవాళ్లకు దండం పెట్టాలి. పైనున్న ఆ ముదురు పొర పోతే ధర కూడా దాంతోపాటే పోతుంది. పొడిపొడిగా రాలే లేత ఆకుపచ్చ చిలుము మాత్రం వేరు. అది లోహాన్ని తినేస్తుంది, నిపుణులకు చూపించాల్సిందే.

పోయిన తక్కెడకు బదులు కొత్తది చేయించవచ్చా? చేయించవచ్చు, కానీ మళ్లీ విప్పేలా మరతో బిగించాలి, అతికించకూడదు. రేపు బొమ్మ అమ్మేటప్పుడు ఆ తక్కెడ కొత్తదని బిల్లు మీద రాసివ్వాలి.